వెంకన్న కొండ... డేగ గూడు

పిట్స్‌బర్గ్ వెళ్తున్నామని చెబితే అక్కడి మనవాళ్ళు రెండు ప్రశ్నలు అడుగుతారు. ఒకటి, 'దర్శనానికేనా?' రెండోది, 'బట్టలు కూడా కొంటారా?'

మొదటిది సరే. రెండోదేమిటో మా అల్లుడుగారు చెప్పేదాకా నాకు తెలీలేదు. పెన్సిల్వేనియా రాష్ట్రంలో మామూలుగా వేసుకునే బట్టల మీద అమ్మకం పన్ను లేదట! మా అమ్మాయి కాపురం కొలంబస్‌లో. అది పక్కనున్న ఒహాయో రాష్ట్రం. అక్కడ చొక్కా కొన్నా, లాగు కొన్నా బిల్లు కింద పన్ను వచ్చి కూర్చుంటుంది. అందుకని ఒహాయోలో ఉన్న మన కుటుంబాలు చాలామంది వెంకన్న దర్శనం, బట్టల కొనుగోలు ఒకే ప్రయాణంలో కానిచ్చేస్తారు. పుణ్యం, పురుషార్థం అంటే ఇదే కాబోలు!

మేము మాత్రం మనవరాలి అన్నప్రాశన కోసం బయల్దేరాం. ఆడపిల్లకు బేసి నెలలో చెయ్యాలి కదా. మే నెలాఖరులో పుట్టింది. అక్టోబరుకు అయిదో నెల. ఏడో నెలదాకా ఆగుదామంటే నాకు ఆర్నెల్ల గడువు అయిపోతుంది. నవంబరు మొదటి వారంలోనే తిరుగు టిక్కెట్టు.

నైటీ, ఫైరింజను

బట్టల సంగతి ఎందుకొచ్చిందో ముందు చెప్పాలి. నేను అనకాపల్లి నుంచి పది నూలు చీరలు, ఆరు నైటీలు తెచ్చుకున్నాను. మనలో చాలామంది ఆడవాళ్ళకు ఇంట్లో నైటీని మించిన సుఖం లేదు. వీధి తలుపు కొడితే దండెం మీది తువ్వాలు భుజాన వేసుకుంటే చాలు, పాలవాడి దగ్గర్నుంచి పక్కింటి పిన్నిగారిదాకా అందరితోనూ మాట్లాడొచ్చు. ముప్పయ్యేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన నేను కూడా సాయంత్రం ఇంటికొచ్చి చీర విప్పి నైటీ తొడుక్కున్నాకే మనిషినయ్యేదాన్ని.

సెప్టెంబరు ఆఖర్లో ఒక పొద్దున్న... పప్పులోకి తాలింపు పెట్టాను. ఎండుమిరపకాయలు కాస్త మాడాయి. అంతే! కప్పుకున్న పొగ గంట కీచుమని అరవడం మొదలెట్టింది. అదొక్కటే కాదు, అపార్ట్‌మెంటు మొత్తం అరిచింది. గంట మోగితే ఎవరైనా సరే కిందికి దిగాల్సిందేనట. అమ్మాయి పసిదాన్ని దుప్పట్లో చుట్టుకుంది. నేను ఉన్నదున్నట్టు దిగాను. పొట్టి చేతుల పూల నైటీ, భుజాన తువ్వాలు, కాళ్ళకు హవాయి చెప్పులు. ఫైరింజను వచ్చి, వాళ్ళు పైకెళ్ళి చూసి, ఏమీ లేదని చెప్పేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా నైటీ కిందనుంచి దూరిన చలిగాలి మెడదాకా వచ్చింది. చుట్టూ నలభై మంది. అందరూ మెత్తటి ప్యాంట్లు, టోపీ ఉన్న చొక్కాలు వేసుకుని కాఫీ కప్పులతో కబుర్లాడుకుంటున్నారు. ఎవరూ నన్నేమీ అనలేదు. చూడనట్టే ఉన్నారు. అది ఇంకా కష్టం.

పైకొచ్చాక మా అమ్మాయి, 'అమ్మా, నీకు ఇంట్లో వేసుకునే ప్యాంట్లు రెండు కొందాం' అంది. నాకు చివుక్కుమంది. 'నా బట్టలకేం? నీ సంగతి చూసుకో ముందు' అన్నాను.

అనకూడని మాట అది. పిల్లకు సిజేరియన్ అయింది. నాలుగు నెలలుగా కడుపుతో ఉన్నప్పటి సాగే ప్యాంట్లే వేసుకుంటోంది. పాతవి ఎక్కవు, కొత్తవి కొనదు. ఫొటో తీస్తామంటే పసిదాన్ని అడ్డం పెట్టుకుంటుంది. దానికి తోడు నేనొకదాన్ని. పాత చీర మడిచి నడికట్టు కట్టుకోమని పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి పోరు. 'కుట్లమీద బిగిస్తే నొప్పమ్మా' అని అది మొత్తుకున్నా వినలేదు. మా అమ్మ నాకు కట్టింది, నేను దీనికి కడతానంటాను. అక్టోబరు ఆఖరి వారం నుంచి వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్నారు దాన్ని. ఏం వేసుకుని వెళ్తుంది? అడిగితే జవాబు లేదు.

గుహలోంచి ఊరు

కొలంబస్ నుంచి పిట్స్‌బర్గ్ కారులో మూడు గంటలు. పసిపిల్లతో మాకు అయిదు పట్టింది. దారిలో కాసేపు వెస్ట్ వర్జీనియా కూడా తగులుతుంది. వీలింగ్ అనే ఊరి దగ్గర ఒహాయో నది దాటితే ఆ రాష్ట్రం, మరికాసేపటికి పెన్సిల్వేనియా. పొద్దున కాఫీ ఒక రాష్ట్రంలో, పాలసీసా ఇంకో రాష్ట్రంలో, పులిహోర పొట్లాం మూడో రాష్ట్రంలో అన్నమాట. అక్టోబరులో కొండలనిండా మేపుల్ చెట్లు. ఎరుపు, నారింజ, పసుపు... మన పెళ్ళి పందిట్లో పట్టుచీరలన్నీ వరసగా ఆరేసినట్టుంది.

పిట్స్‌బర్గ్‌లోకి మేము వెళ్ళిన దారి తమాషా. ఊరేదీ కనపడదు. ఎదురుగా కొండ, దాంట్లో ఒక సొరంగం. 1960లో తెరిచిన ఫోర్ట్ పిట్ సొరంగం అది. అందులోంచి బయటపడగానే తెర తీసినట్టు ఊరంతా ఒక్కసారి ఎదుటికొస్తుంది. పసుపు రంగు వంతెనలు, ఆకాశాన్నంటే మేడలు, రెండు నదులు. ఒకటి అలెఘనీ, ఇంకోటి మొనాంగహేలా. రెండూ కలిసి అక్కడే ఒహాయో నది అవుతాయి. మన వాళ్ళు దాన్ని కూడా త్రివేణీ సంగమం చేసేశారు. కనపడని సరస్వతి ఏదని అడిగితే అల్లుడుగారు నవ్వి ఊరుకున్నారు.

సంగమం, కొండెక్కే పాతకాలం తీగబండి వగైరాలు చూశాం. ఆ బండ్లు 1870ల నాటివట, ఇంకా నడుస్తున్నాయి. వాటి గురించి చాలామంది రాశారు కాబట్టి నేను వదిలేస్తున్నా. నాకు గుర్తుండిపోయింది ఊరికి దక్షిణాన నది ఒడ్డునున్న ఒక వీధి. పేరు 'హాట్ మెటల్ స్ట్రీట్'. అంటే కరిగిన ఇనుము వీధి! పక్కన అదే పేరుతో వంతెన. ఒకప్పుడు అవతలి ఒడ్డున కొలుముల్లో కరిగించిన ఇనుమును ఆ వంతెన మీదుగా రైలు బళ్ళలో ఇవతలి ఒడ్డుకు తెచ్చి ఉక్కు చేసేవారట. జోన్స్ అండ్ లాఫ్‌లిన్ అని పెద్ద ఉక్కు కంపెనీ. 1980లలో ఇక్కడి ఉక్కు పరిశ్రమ కుప్పకూలింది. కార్ఖానాలు మూతపడ్డాయి, వేలమంది రోడ్డునపడ్డారు. విశాఖ ఉక్కు కోసం రోడ్డెక్కిన ఊళ్ళ నుంచి వచ్చినదాన్ని కదా, ఆ మాట వినగానే కాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇప్పుడా స్థలంలో ఏముందనుకున్నారు? బట్టల కంపెనీ ఆఫీసు! అమెరికన్ ఈగల్ వారి ప్రధాన కార్యాలయం. ఇనుము పోయి ప్యాంట్లు వచ్చాయి.

అక్కాచెల్లెళ్ళ కొట్లు

ఈ కంపెనీ కథ మా అమ్మాయి కారులో చెప్పింది. 1977లో సిల్వర్‌మన్ అన్నదమ్ములు మిషిగన్ రాష్ట్రంలో మొదటి కొట్టు పెట్టారు. తర్వాత అది షాటెన్‌స్టైన్ అనే వ్యాపార కుటుంబం చేతికొచ్చింది. వాళ్ళు మళ్ళీ మా కొలంబస్ వాళ్ళే! అమెరికన్ ఈగల్ అంటే ప్రధానంగా జీన్సు, కాలేజీ పిల్లల చొక్కాలు. 2006లో దానికొక చెల్లెల్ని తెచ్చారు. పేరు 'ఏరీ'. లోదుస్తులు, ఇంట్లో వేసుకునే మెత్తటి బట్టలు అందులో. ఈగల్ అంటే డేగ కదా. ఏరీ అంటే కొండకొమ్మున డేగ కట్టుకునే గూడు! బయట తిరిగే బట్టలకు డేగ పేరు, ఇంటి బట్టలకు గూడు పేరు. ఎవరు పెట్టారోగానీ తెలివైనవాళ్ళు. 2020లో 'ఆఫ్‌లైన్' అని వ్యాయామం బట్టలు కూడా ఏరీ కిందే మొదలెట్టారు. అన్నీ అచ్చిరాలేదులెండి. కాస్త వయసు మళ్ళినవాళ్ళ కోసం మార్టిన్ ప్లస్ ఓసా అని ఒకటి పెట్టి 2010లో మూసేశారు. పిల్లల బట్టల కొట్టూ అంతే, 2012లో అయిపోయింది.

ఊరి శివారు మాల్‌లో రెండు కొట్లూ పక్కపక్కనే ఉన్నాయి. మధ్యలో గోడకు దారి. అక్క ఇంట్లోంచి చెల్లెలింట్లోకి వంటింటి తలుపులోంచి వెళ్ళినట్టు వెళ్ళొచ్చు. సభ్యత్వం పాయింట్లు కూడా ఉమ్మడే.

అక్క కొట్లో అడుగుపెడితే నీలం గుడ్డ వాసన. గోడ మొత్తం జీన్సు మడతలు. నడుము కొలతలు అంకెల్లో. సున్నా, రెండు, నాలుగు... ఇలా సరిసంఖ్యలు. సున్నా కొలత ఏమిటో, సున్నా కింద ఇంకో సున్నా ఏమిటో లెక్కల టీచర్నయిన నాకే అర్థంకాలేదు. ఒక్కటి మాత్రం మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సింది, నడుముతోపాటు పొడవు కూడా వేరుగా ఉంటుంది. పొట్టి, మామూలు, పొడుగు అని. మన ఎత్తుకు పొట్టిది అడిగి తీసుకుంటే కింద మడిచి కుట్టించుకునే బాధ తప్పుతుంది. అక్కడ మడిచి కుట్టేవాడు దొరకడం కష్టం, దొరికినా కుట్టుకూలి ప్యాంటు ధరకు దగ్గర్లో ఉంటుంది.

చెల్లెలి కొట్లో అంకెలు లేవు. చిన్న, మధ్య, పెద్ద అని అక్షరాలే. లేత రంగులు, లోపల దూదిలా రేపిన గుడ్డ. చేత్తో ముట్టుకుంటే పసిపిల్ల బుగ్గ. నాకైతే అక్కడే కూర్చోవాలనిపించింది.

'అమ్మా, ఒక లాగే కొంటావు. బయటికీ ఇంట్లోకీ పనికి రావాలి. ఏది కావాలి?' అంది అమ్మాయి. నాకు నేనే పరీక్షలు పెట్టుకున్నాను. మొదటిది, గుడ్డ. లోపల అంగుళమంత చీటీ ఉంటుంది, నూలు ఎంత శాతం, పాలిస్టర్ ఎంత, సాగే దారం ఎంత అని. ఇది చూడకుండా కొనకండి. చేతికి ఒకేలా తగిలే రెండు లాగుల్లో ఒకటి ముప్పావు వంతు నూలు, రెండోది దాదాపు పూర్తిగా పాలిస్టర్. వంటింట్లో పొయ్యి దగ్గర నిలబడేవాళ్ళు నూలుదే తీసుకోవాలి. కాకపోతే అక్కడ బట్టలు ఎండలో ఆరెయ్యరు, వేడి యంత్రంలో తిప్పుతారు. నూలు కాస్త ముడుచుకుంటుంది. అందుకని ఒక కొలత వదులుగా ఉండాలి. రెండో పరీక్ష, బాసింపట్టు. బట్టలు మార్చుకునే గదిలో తలుపేసుకుని నేలమీద బాసింపట్టు వేసుక్కూర్చున్నాను. జీన్సు సాగుతుందన్నారుగానీ మోకాళ్ళ దగ్గర పట్టేసింది. లేవడానికి గోడ పట్టుకోవాల్సొచ్చింది. ఏరీ లాగు వేసుకుంటే హాయిగా కూర్చుని హాయిగా లేచాను. మూడోది జేబు. తాళంచెవి, ఫోను పట్టాలి. ఏరీలో జేబుల్లేని లాగులు కూడా కొన్ని ఉన్నాయి, చూసి తీసుకోవాలి.

అరవయ్యొకటో ఏట మొదటిసారి ప్యాంటు వేసుకుని అద్దంలో చూసుకున్నాను. పైన అనకాపల్లి నుంచి తెచ్చిన పొడుగు చేతుల స్వెట్టరు. బడిలో మా డ్రిల్లు మాస్టారు గుర్తొచ్చారు. నవ్వాపుకోలేకపోయాను.

దిద్దని బొమ్మ

బయటికొస్తే అమ్మాయి లేదు. కొట్టు చివర గోడమీదున్న పెద్ద ఫొటో ముందు నిలబడి ఉంది. పిల్లబండి ఒక చేత్తో ఊపుతోంది. ఫొటోలో ఒక అమ్మాయి, పొట్టి లాగు, పొట్టి చొక్కా. పొట్ట మీద మడతలు, తొడ పక్కన తెల్లటి చారలు. కడుపు సాగి తగ్గితే వచ్చే చారలు. నాకు ఒళ్ళు మండింది. 'ఇదేం ఫొటోనే? కాస్త మంచి పిల్ల దొరకలేదా వీళ్ళకి?' అన్నాను.

'మంచి పిల్లేనమ్మా. దిద్దలేదంతే' అంది.

2014 నుంచి ఏరీ వాళ్ళు తమ ప్రకటనల్లో మోడళ్ళ ఒంటిని కంప్యూటర్లో సన్నబరచడం, మచ్చలు చెరపడం మానేశారట. ఆ తర్వాత చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళను, ఒంటికి ఇన్సులిన్ పంపు తగిలించుకున్నవాళ్ళను కూడా పెట్టి ఫొటోలు తీశారట. వ్యాపారమేలెండి. నాలాంటివాళ్ళ చేత కూడా కొనిపించారంటే ఎత్తు పారినట్టే. నేనా మాటే అనబోయాను. కానీ మా అమ్మాయి ఆ ఫొటోను చూస్తున్న చూపు చూసి నోరు మూసుకున్నాను. నాలుగున్నర నెలలుగా అది అద్దంలో చూసుకోవడం నేను చూడలేదు. ఇప్పుడు అద్దంలో చూసుకున్నట్టే చూస్తోంది.

'నాక్కూడా ఇవే చారలున్నాయి తెలుసా? నువ్వు పుట్టినప్పటివి' అన్నాను. ఎందుకన్నానో తెలీదు. ముప్పయ్యొక్క ఏళ్ళలో దానితో ఎప్పుడూ చెప్పని మాట.

'నడికట్టు కట్టుకున్నా వచ్చాయా?' అంది వెంటనే. దొరికిపోయాను!

ఆ రోజు అది అయిదు జతలు వేసి చూసింది. మెత్తటి వెడల్పు పట్టీ ఉండి నడుము పైదాకా వచ్చే లాగులు ఏరీలో రెండు తీసుకుంది. కుట్లకు పైన పడుతుంది పట్టీ, ఒత్తదు. ఆఫీసుకు మాత్రం అక్క కొట్లోనే జీన్సు కొంది. పాత కొలతకు మూడు అంకెలు పైది. అంకె చూసి మొహం చిన్నబుచ్చుకుంటుందేమోనని భయపడ్డాను. చీటీ తిప్పి చూసి, కత్తెర అడిగి అక్కడికక్కడే కత్తిరించి పారేసింది. 'వేసుకున్నాక అంకె ఎవరికి కనపడుతుందమ్మా' అంది. నాకు ఏరీ లాగు ఒకటే. అల్లుడుగారికి అక్క కొట్లో మగవాళ్ళ వైపు ఒక చొక్కా. పన్ను లేని బిల్లు చూసి ఆయన మురిసిపోయారు. మిగిలిన డబ్బులు మాల్‌లో కాఫీకి, బిస్కట్లకు సరిపోయాయి.

కొండమీద పట్టుచీర

మర్నాడు పొద్దున్నే గుడికి. ఊరికి తూర్పున పెన్‌హిల్స్ అనే చోట కొండవాలు మీద తెల్లటి గోపురం. పెద్ద రోడ్డు మీద కార్లో వెళ్తుంటేనే కనపడుతుంది. 1970లలో తిరుమల తిరుపతి దేవస్థానం సాయంతో కట్టిన శ్రీవేంకటేశ్వరాలయం. తిరుమల గుడి నమూనాలోనే. అమెరికాలో మనవాళ్ళు కట్టుకున్న తొలినాటి పెద్ద గుళ్ళలో ఇదొకటి. చుట్టూ ఎర్రటాకుల చెట్లు, మధ్యలో తెల్లటి గోపురం, సుప్రభాతం... చెప్పులు విప్పి మెట్ల మీద కాలు పెడితే మాత్రం మంచుగడ్డ మీద పెట్టినట్టే. ఆ గాలికి పట్టుచీర ఏపాటి?

నేను తెలివైనదాన్ని కదా. చీర కింద లంగాకు బదులు ఏరీ లాగు వేసుకున్నాను! కుచ్చిళ్ళు నిలబడటానికి నడుం పట్టీ మా గొప్పగా సరిపోయింది. అన్నప్రాశన అయ్యేదాకా నేలమీద కూర్చున్నా చలి తెలీలేదు. పసిది పాయసం నాకి మొహం చిట్లించి, మళ్ళీ నోరు తెరిచింది. అల్లుడుగారు ఫొటోలు తీస్తుంటే అమ్మాయి పిల్లను అడ్డం పెట్టుకోలేదు. ఒడిలో పక్కకు కూర్చోబెట్టుకుంది. తర్వాత కింద భోజనశాలలో పులిహోర, పెరుగన్నం. అంత దూరంలో ఆ చింతపండు పులుపు నాలిక్కి తగిలితే ఎవరికైనా కళ్ళు చెమరుస్తాయి.

ఇంటికొచ్చాక

నవంబరులో అనకాపల్లి చేరాను. ఇక్కడ ఆ లాగుకు చలికాలం తెల్లవారుజామున తప్ప పని లేదు. మా వీధి చివరి ఇంట్లో ఒక పిల్ల ఉంది, నా దగ్గరే చదువుకుంది. పొద్దున ఆరింటి బస్సుకు అచ్యుతాపురం వైపు బట్టల ఫ్యాక్టరీకి వెళ్తుంది. అక్కడ బ్రాండిక్స్ దుస్తుల నగరం వచ్చినప్పటినుంచి మా చుట్టుపక్కల ఊళ్ళ ఆడపిల్లలు వేలమంది ఇలా బస్సులెక్కుతున్నారు. వాళ్ళు కుట్టినవి విదేశాల కొట్లలో వేలాడతాయి.

ఒక ఆదివారం ఇంటికొస్తే లాగు చూపించాను. పిల్ల దాన్ని చప్పున లోపలికి తిరగేసింది. వాళ్ళకదే అలవాటు, పైగుడ్డ చూడరు. నడుం పట్టీ రెండు చేతులతో సాగదీసి, కుట్టు మీద గోరుతో గీసింది.

'ఎంత పెట్టారు టీచరుగారూ?'

'తగ్గింపు పోగా ముప్పయి డాలర్ల పైచిలుకు. మన లెక్కలో మూడు వేలకు కాస్త తక్కువ.'

కాసేపు మాట్లాడలేదు. పట్టీ చుట్టూ వేలితో ఒక వరస జరుపుకుంటూ వచ్చి, ఒకచోట ఆగింది. అక్కడ రెండు కుట్లు ఒకదానిమీద ఒకటి పడ్డాయట. నాకేమీ కనపడలేదు.

'మా లైన్లో అయితే ఇది వెనక్కి పంపేస్తారు' అని, మళ్ళీ మడిచి నా చేతిలో పెట్టింది.